‘ఉన్నదంతా పెట్టేయ్’ అన్నవారు నష్టంలో వాటా తీసుకుంటారా?

ప్రశ్న: నా వయసు 36. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూనే, స్నేహితుడితో కలిసి చిన్న ఆసుపత్రుల కోసం బిల్లులు, మందుల నిల్వలు చూసుకునే సాఫ్ట్‌వేర్ తయారుచేశాను. 14 ఆసుపత్రులు నెలనెలా డబ్బు కట్టి వాడుతున్నాయి. ఆ రాబడి కంపెనీ ఖర్చులో మూడో వంతుకు సరిపోతోంది. 30 నెలల ఇంటి ఖర్చుకు సరిపడా పొదుపు ఉంది, రిటైర్మెంట్ నిధి వేరు. ఇంటి అప్పు ఇంకా తీరలేదు. ఇంటి ఖర్చులో 40 శాతం నా భార్య జీతంతో గడుస్తుంది. మేముండే చోటికి స్టార్టప్ పెట్టుబడులు ఈ మధ్యనే రావడం మొదలైంది. ‘ఉద్యోగం మానెయ్, వెనక్కి వెళ్లే దారి ఉంచుకోకు, పెట్టుబడి తెచ్చి వేగంగా విస్తరించు, లాభం తర్వాత చూసుకోవచ్చు’ అని మాకు సలహాలిచ్చే పెద్దలు అంటున్నారు. ఒక సంస్థ 20 శాతం వాటా తీసుకుని పెట్టుబడి పెడతానంటోంది. ఆ డబ్బు వచ్చేదాకా రిటైర్మెంట్ నిధి తీసి వాడమంటారా? ఇల్లు తాకట్టు పెట్టమంటారా?

జవాబు: రెండూ వద్దు. రిటైర్మెంట్ నిధి జోలికి వెళ్లకండి, ఇంటిని హామీగా రాసివ్వకండి. ఉద్యోగం మానవచ్చు కానీ ఈ నెలలో కాదు. పెట్టుబడి తీసుకోవచ్చు కానీ షరతులు చదివాక.

మీ పెద్దలు చెప్పినవి అబద్ధాలు కావు. అవి పుట్టిన చోట చాలావరకు నిజమే. సిలికాన్ వ్యాలీలో కంపెనీ మూసేసిన ఇంజినీరు పక్క వీధిలో ఇంకో ఉద్యోగం వెతుక్కోగలడు. ‘మా దగ్గర మానేశాక పోటీ సంస్థలో చేరకూడదు’ అనే ఒప్పందాలు కాలిఫోర్నియాలో చెల్లవు, ఆ చట్టానికి మూలం 1872 నాటిది. కంపెనీ నిలబడకపోయినా, అందులోని మనుషుల కోసమే దాన్ని కొనే పెద్ద సంస్థలు అక్కడ ఉన్నాయి. పెట్టుబడిదారు డబ్బు పదుల కంపెనీల్లో ఉంటుంది, వాటిలో ఒక్కటి బాగా పండితే మిగతా వాటి నష్టం పూడిపోతుంది. అంటే అక్కడ ఓటమి ఖర్చును నలుగురు పంచుకుంటారు. మీ చోట అదే ఖర్చు మీ ఇంటి మీద పడుతుంది. కొనేవారు తక్కువ, తర్వాతి ఉద్యోగానికి నెలలు పట్టవచ్చు, బ్యాంకు మీ సొంత హామీ అడుగుతుంది. పెట్టుబడిదారుకు మీరు ముప్పైలో ఒకరు కావచ్చు. మీ ఇంటికి మీరు ఒక్కరే. ‘అంతా పెట్టేయ్’ అని చెప్పడం ఆయనకు తేలిక.

ఉద్యోగం చేస్తూ నడిపితే మనసు పెట్టనట్టే అన్న మాట నాకు అసలు మింగుడుపడదు. అమెరికాలో దాదాపు 15 ఏళ్ల సమాచారాన్ని పరిశీలించిన ఒక అధ్యయనం 2014లో వెలువడింది. ఉద్యోగం చేస్తూ వ్యాపారం మొదలుపెట్టి తర్వాత పూర్తిగా అందులోకి మారినవారు, మొదటి రోజే ఉద్యోగం మానేసినవారికంటే మూసివేత ముప్పును మూడో వంతు తక్కువగా ఎదుర్కొన్నారని అది తేల్చింది. వారు పిరికివారు కారు, సరుకు అమ్ముడుపోతుందో లేదో చూసుకుని కదిలినవారు. వయసు మించిపోతోందన్న కంగారు కూడా వద్దు. అమెరికాలో అతివేగంగా ఎదిగిన కొత్త కంపెనీల స్థాపకుల సగటు వయసు 45 అని 2020లో ప్రచురితమైన మరో పరిశోధన చెబుతోంది.

పెట్టుబడి లేకుండా పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ కాలేమన్న వాదనకు ఎదురు ఉదాహరణలున్నాయి. జోహో 1996లో అడ్వెంట్‌నెట్ పేరుతో మొదలైంది, వెంచర్ పెట్టుబడి (వాటా తీసుకుని కొత్త కంపెనీల్లో పెట్టే డబ్బు) లేకుండానే పెరిగింది. సాఫ్ట్‌వేర్ సంస్థ అట్లాసియన్ 2002లో సిడ్నీలో క్రెడిట్ కార్డు అప్పుతో పుట్టి, తొలి పెద్ద బయటి పెట్టుబడిని 2010లో మాత్రమే తీసుకుంది. ఈమెయిల్ ప్రచార సేవ మెయిల్‌చింప్‌ను స్థాపకులు తమ వెబ్ డిజైన్ పనికి తోడుగా 2001లో ప్రారంభించారు, వెంచర్ నిధులు తీసుకోకుండానే 2021లో ఇన్‌ట్యూట్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థకు సుమారు 1,200 కోట్ల డాలర్లకు అమ్మే ఒప్పందం చేసుకున్నారు. ఇవన్నీ గెలిచినవారి కథలు, ఇదే దారిలో నడిచి మూతపడినవారిని ఎవరూ లెక్కపెట్టలేదు. కాబట్టి ‘ఇలాగే చేయాలి’ అనడానికి కాకుండా, ‘ఇలా కూడా చేయవచ్చు’ అనడానికే వీటిని చూపిస్తున్నాను.

ముందు విస్తరించి తర్వాత లెక్క చూసుకునే పద్ధతికి ఆఫ్రికాలో జుమియా పాఠం ఉంది. ఈ ఆన్‌లైన్ దుకాణం 2012లో నైజీరియాలో మొదలై అనేక దేశాలకు పాకింది, 2019 ఏప్రిల్‌లో న్యూయార్క్ మార్కెట్లో వాటాలు అమ్మింది. అదే ఏడాది ముగిసేలోగా కామెరూన్, టాంజానియా, రువాండాల నుంచి వైదొలగుతున్నట్టు ప్రకటించింది. అన్ని దేశాల్లో జెండా పాతగలిగారు గానీ ప్రతి ఆర్డరు మీదా కాస్త మిగుల్చుకోవడం వేరే పని. మీ 14 ఆసుపత్రుల్లో ఒక్కొక్కదాని సేవకు ఎంత ఖర్చవుతోంది, అది ఎంత చెల్లిస్తోంది అన్న లెక్క నాకు పంపలేదు. పెట్టుబడి సంస్థతో మాట్లాడేముందు ఆ కాగితం సిద్ధం చేయండి. ఒక్కో ఆసుపత్రి మీద మీకు నష్టమే వస్తుంటే, 140 ఆసుపత్రులైనప్పుడు నష్టం పదింతలవుతుంది.

ఇప్పుడు మీ ఇంటి లెక్క. 30 నెలల పొదుపును మూడు ఖాతాలుగా చీల్చండి. 12 నెలల మొత్తం ఇంటి ఖర్చుకు. మీ భార్య జీతం 40 శాతం భరిస్తుంది కాబట్టి మిగతా 60 శాతానికి వాడితే ఇది 20 నెలలు వస్తుంది. ఆరు నెలల మొత్తం ఎవరూ ముట్టకూడనిది: కంపెనీ మూసేశాక మళ్లీ ఉద్యోగం దొరికేదాకా, లేదా ఇంట్లో ఎవరికైనా ఆసుపత్రి ఖర్చు వస్తే. మిగిలిన 12 నెలల మొత్తమే వ్యాపారానికి. ఇది పోయిందనుకుని ఇవ్వండి, అయితే కంపెనీకి అప్పుగా ఇస్తున్నారో, వాటా కింద పెడుతున్నారో ఆరోజే కాగితం మీద రాసుకోండి. నోటిమాటగా పెట్టిన డబ్బు తర్వాత ఇద్దరు స్నేహితులకు రెండు రకాలుగా గుర్తుంటుంది.

ఉద్యోగం ఎప్పుడు మానాలి? కంపెనీ రాబడి ఖర్చులో మూడో వంతు నుంచి మూడింట రెండు వంతులకు చేరి, వరుసగా ఆరు నెలలు అక్కడ నిలిచినప్పుడు. ఇది నా అంచనా గీత, శాస్త్రం కాదు. అంతకంటే ముందే, జీతం వస్తుండగానే చేయాల్సిన పనులు రెండున్నాయి. యజమాని ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటు పోతుంది కనుక కుటుంబానికి సొంత పాలసీ తీసుకోండి. ఇంటి అప్పును తక్కువ వడ్డీకి మార్చుకోవాలంటే ఇప్పుడే మార్చుకోండి, జీతం ఆగాక బ్యాంకు మీతో మాట్లాడే తీరు మారుతుంది.

కొరతను ఎక్కడ పూడ్చాలంటే, నా మొదటి చూపు మీ ఖాతాదార్ల మీదే. ఏడాది చందా ముందుగా కడితే రెండు నెలలు తగ్గిస్తామనండి. పద్నాలుగులో ఐదు ఒప్పుకున్నా మీకు అప్పు చేయకుండానే నిధి వచ్చినట్టే, వాటా కూడా పోదు. అది సంపాదన కాదనీ, చేయాల్సిన సేవకు తీసుకున్న బయానా అనీ గుర్తుంచుకుని నెలకింతని మాత్రమే వాడండి. గ్రాంట్లను కూడా చిన్నచూపు చూడకండి. కెన్యాలో 2007లో మొదలైన, ఫోన్‌తో డబ్బు పంపే ఎం-పెసా సేవకు తొలినాళ్లలో ఊతమిచ్చింది బ్రిటన్ ప్రభుత్వ అభివృద్ధి నిధి, దానికి సమానంగా వోడాఫోన్ పెట్టిన డబ్బు.

ఇక 20 శాతం వాటా ప్రతిపాదన. మీరు వాటా శాతం మాత్రమే రాశారు, అసలు కథ ‘లిక్విడేషన్ ప్రిఫరెన్స్’ అనే షరతులో ఉంటుంది. కంపెనీ అమ్ముడైనప్పుడు ముందుగా ఎవరి డబ్బు తీస్తారో అది చెబుతుంది. వారు 100 పెట్టి 20 శాతం తీసుకున్నారనుకుందాం, అంటే కంపెనీ విలువను 500గా కట్టినట్టు. కొన్నాళ్లకు అది 300కే అమ్ముడైంది. షరతు లేకపోతే వారికి 60, మీ ఇద్దరికి 240. ‘పార్టిసిపేటింగ్’ రకం షరతు ఉంటే వారు మొదట తమ 100 తీసుకుని, మిగిలిన 200లోనూ 20 శాతం, అంటే 40 తీసుకుంటారు. మీకు మిగిలేది 160. కొనేవారు తక్కువగా ఉన్నచోట అనుకున్న ధర రాకపోవడం మామూలే కాబట్టి ఈ షరతు మిమ్మల్ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. పార్టిసిపేటింగ్ కాని, పెట్టినంత మాత్రమే ముందుగా తీసుకునే (1x) షరతు అడగండి. అప్పుడు వారు తమ 100 తీసుకోవాలి, లేదా వాటా ప్రకారం తీసుకోవాలి, రెండూ కాదు. ఆ లెక్కన 300లో మీకు 200 దక్కుతుంది.

ఆ సంస్థ ఏ నిధి నుంచి మీకు డబ్బు పెడుతోందో, దాని కాలపరిమితి కూడా అడగండి. వెంచర్ నిధులను సాధారణంగా పదేళ్ల గడువుతో ఏర్పాటు చేస్తారు. మీ దగ్గరికి వచ్చేసరికి ఏడో ఏడు నడుస్తుంటే, మూడేళ్లలో కంపెనీని అమ్మమని ఒత్తిడి వస్తుంది. నిధి డాలర్లలో ఉండి మీ ఖాతాదారులు స్థానిక కరెన్సీలో చెల్లిస్తుంటే ఇంకో చిక్కు. నైజీరియా 2023 జూన్‌లో తన కరెన్సీ నైరా విలువను మార్కెట్‌కు వదిలేశాక అది డాలరుతో పోలిస్తే బాగా పడిపోయింది. అక్కడ వ్యాపారం పెరిగినా డాలర్ లెక్కలో కుంచించుకుపోయినట్టు కనిపించింది. తర్వాతి విడత పెట్టుబడి వస్తుందన్న ఆశ మీద ఉద్యోగులను తీసుకోవడమూ ప్రమాదమే. 2022 మార్చి నుంచి 2023 జులై వరకు అమెరికాలో వడ్డీ రేటు సున్నా దగ్గరి నుంచి 5.25–5.5 శాతానికి చేరినప్పుడు ప్రపంచమంతటా స్టార్టప్ నిధులు సన్నగిల్లాయి. మీ పనితనానికి అందులో ఏ సంబంధమూ ఉండదు.

సిలికాన్ వ్యాలీ నుంచి తప్పక అరువు తెచ్చుకోవాల్సింది ఒకటుంది. స్థాపకుల వాటాలు నాలుగేళ్ల పాటు కొంచెం కొంచెంగా చేతికొచ్చే ఏర్పాటు, మొదటి ఏడాది పూర్తికాకుండా వెళ్తే ఏమీ రాని నిబంధన. మీ స్నేహితుడు ఎనిమిది నెలలకే వేరే దేశం వెళ్లిపోతే సగం కంపెనీ ఆయన పేరు మీద ఉండిపోకూడదు కదా. పెట్టుబడిదారు అడిగేదాకా ఆగకుండా మీరిద్దరే ముందు రాసుకోండి. పెట్టుబడి తీసుకున్న నాటి నుంచి మీ ఇద్దరికీ చిన్నదైనా సరే నెల జీతం పెట్టించండి, దాన్ని వద్దనే పెట్టుబడిదారుకు మీ ఇంటి అప్పు వాయిదా గురించి పట్టింపు లేదని అర్థం.

మీ పని మందుల తయారీయో చిప్‌ల తయారీయో అయ్యుంటే నా జవాబు మారేది. తొలి ఖాతాదారు రావడానికే ఏళ్లు పట్టే పనికి ఇతరుల పెట్టుబడి తప్పదు, అక్కడ సొంత పొదుపు ఎంత పెట్టినా చాలదు. మీది ఆ కోవ కాదు.

మీ భార్యతో కూర్చుని ఆగే గీత ఒకటి రాసుకోండి: ఉద్యోగం మానిన 14వ నెలకు రాబడి కంపెనీ ఖర్చంతా భరించకపోతే, అదే నెలలో ఉద్యోగాల వేట మొదలు. 20 నెలల ఖాతాలో అప్పటికి ఇంకా ఆరు నెలలు మిగిలే ఉంటాయి, ముట్టకూడని మొత్తం అలాగే ఉంటుంది. టర్మ్ షీట్ (పెట్టుబడి షరతుల కాగితం) చేతికొచ్చాక, సంతకానికి ముందు, పెట్టుబడి సంస్థ సూచించిన లాయరుకు కాకుండా మీరు ఫీజు కట్టే లాయరుకు చూపించండి.