పరీక్ష తేదీ పెట్టడం గుమాస్తా పని కాదు, మాస్టారూ

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా అమ్మాయి ట్రిపుల్‌ఈ మూడో సంవత్సరం చదువుతోంది. అణు విద్యుత్ కేంద్రంలో చేరి, భద్రతా పరీక్షలు ఎప్పుడెప్పుడు చెయ్యాలో చూసే విభాగంలో పనిచేస్తానంటోంది. క్యాలెండర్లో టిక్కులు పెట్టే పనికి ఇంత చదువు దేనికండీ? పైగా ఆడపిల్ల, రేడియేషన్ భయం ఒకటి. సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లమంటే వినడం లేదు. మీరైనా నచ్చచెప్పండి.

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అమ్మాయికి నచ్చచెప్పాల్సింది నాకేమీ కనిపించలేదు. మీతోనే నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

కొన్నేళ్ల క్రితం మా బంధువు ఒకాయనకు ఆపరేషన్ జరుగుతుంటే ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాం. కరెంటు పోయింది. జనరేటర్ స్టార్ట్ అయింది, లైట్లు వెలిగాయి, హమ్మయ్య అనుకున్నాం. నిమిషం తిరక్కుండానే మళ్లీ చీకటి. లోపల డాక్టర్లు బ్యాటరీ లైట్ల మీద ఎలాగో నెట్టుకొచ్చారు, ఆయన క్షేమంగా బయటపడ్డారు. తర్వాత అక్కడి ఎలక్ట్రీషియన్ అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తే: “వారం వారం స్టార్ట్ చేసి చూస్తూనే ఉన్నామండీ. లోడ్ మాత్రం ఎప్పుడూ పెట్టలేదు.” అంటే జనరేటర్‌ను ఊరికే తిప్పారు గాని, దాని మీద లైట్లూ యంత్రాలూ నడిపి చూడలేదు. రిజిస్టర్లో చూస్తే ప్రతి సోమవారం టిక్కు ఉంది.

మీరు చెప్పిన టిక్కు ఇదే. దాని వెనక ఏ పరీక్ష జరగాలి, ఎన్నాళ్లకోసారి జరగాలి, అది తప్పితే ఏం చెయ్యాలి అన్నది తేల్చే పని మీ అమ్మాయి కోరుకుంటోంది.

అణు రియాక్టర్‌ను ఆపేసినా వేడి ఆగదు. ఆపిన మరుక్షణం కూడా పూర్తి సామర్థ్యంలో 6 శాతానికి పైగా వేడి పుడుతూనే ఉంటుంది. దాన్ని చల్లార్చే పంపులకు కరెంటు కావాలి. గ్రిడ్ నుంచి కరెంటు పోతే డీజిల్ జనరేటర్లే దిక్కు. అవి నెలల తరబడి ఊరికే నిలబడి ఉండే యంత్రాలు. లోపల ఏ వాల్వు బిగుసుకుపోయిందో నడిపి చూస్తే తప్ప తెలియదు.

ఎన్నాళ్లకోసారి నడపాలి? మీరు లెక్కల మాస్టారు కాబట్టి మీకు చిటికెలో అర్థమవుతుంది. 30 రోజులకోసారి పరీక్ష పెడితే, మధ్యలో ఏదో ఒక రోజు వచ్చిన లోపం సగటున 15 రోజులు ఎవరికీ తెలియకుండా ఉండిపోతుంది. వారానికోసారి పెడితే అది మూడున్నర రోజులకు తగ్గుతుంది. అలాగని రోజూ పరీక్ష పెట్టేస్తే పోలేదా అంటే, పరీక్ష వల్లే యంత్రం అరుగుతుంది. అమెరికాలో ఇది అనుభవం మీద తెలుసుకున్నారు. చల్లగా ఉన్న ఇంజన్‌ను ఒక్కసారిగా పూర్తి వేగానికి ఎక్కించే పరీక్షలు పదేపదే చేయించడంతో ఇంజన్లే దెబ్బతింటున్నాయని గుర్తించి, వాటిని తగ్గించుకోమని అక్కడి నియంత్రణ సంస్థ ఎన్ఆర్‌సీ 1984లో కేంద్రాలన్నిటికీ లేఖ రాసింది. భద్రత కోసం పెట్టిన పరీక్షే భద్రతను తినేస్తోందన్నమాట. ఇప్పుడు అక్కడి నమూనా నిబంధనల ప్రకారం 31 రోజులకోసారి చేసే పరీక్షలో ఇంజన్‌ను నెమ్మదిగా వేడెక్కించి స్టార్ట్ చేయవచ్చు, కానీ కనీసం గంటసేపు లోడ్ మీద నడపాలి. 10 సెకన్లలో వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ అందుకోవాల్సిన కఠినమైన పరీక్ష 184 రోజులకోసారి. ఈ రెండు అంకెల మధ్య తేడాలో ఎంత ఇంజనీరింగ్ ఉందో చూడండి.

ఇంకో చిక్కు. ఒకదానికి తోడుగా ఇంకొకటి ఉన్న యంత్రాలు రెండింటినీ ఒకే రోజు, ఒకే మనిషి చేత పరీక్ష చేయించకూడదు. ఆ మనిషి ఒక వాల్వు తెరవడం మరిచిపోతే రెండు చోట్లా మరిచిపోతాడు. అందుకే తేదీలు ఎడంగా వేస్తారు. గడువుకు కొంత వెసులుబాటూ ఉంటుంది. అమెరికా నిబంధనల్లో అది 25 శాతం, అంటే 31 రోజుల పరీక్షను 38వ రోజు దాకా వాయిదా వెయ్యవచ్చు. కానీ ప్రతిసారీ ఆ వెసులుబాటు వాడేస్తే 31 కాస్తా 38 అయి కూర్చుంటుంది. అది అలవాటుగా మారకుండా కాపు కాసేవాళ్లు ఉండాలి.

మన దేశంలో ఈ గడువులన్నీ టెక్నికల్ స్పెసిఫికేషన్స్ అనే పత్రంలో ఉంటాయి. కేంద్రంలో అందరూ టెక్ స్పెక్స్ అంటారు. దాన్ని ఆమోదించేది 1983 నవంబరులో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి, ఏఈఆర్‌బీ. అందులో రాసింది తప్పితే మండలికి నివేదించాల్సిందే. నడపడానికిచ్చే లైసెన్సు ఐదేళ్లకు మించదు, పదేళ్లకోసారి మొత్తం కేంద్రాన్ని తిరగదోడి సమగ్ర సమీక్ష చేస్తారు.

మన దేశంలో ఎక్కువగా ఉన్న భారజల (హెవీ వాటర్) రియాక్టర్లలో నడుస్తుండగానే ఇంధనం మారుస్తారు. విదేశాల్లో ఎక్కువగా ఉండే రియాక్టర్లను ఇంధనం కోసం ఏడాదిన్నరకో రెండేళ్లకో ఎలాగూ ఆపాలి కాబట్టి పెద్ద పరీక్షలు ఆ సందులో కానిచ్చేస్తారు. మనకు ఆ సందు దానంతట రాదు, ప్లాన్ చేసి తెచ్చుకోవాలి. దాన్నే బైయెన్నియల్ షట్‌డౌన్, అంటే రెండేళ్లకోసారి ఆపడం అంటారు. కర్ణాటకలోని కైగా ఒకటో యూనిట్ 2016 మే నుంచి 2018 డిసెంబరు 31 దాకా 962 రోజులు ఆగకుండా నడిచి అప్పట్లో ప్రపంచ రికార్డు కొట్టింది. ఆ రోజులన్నీ పవర్ మీద ఉండగానే ఏ పరీక్ష చెయ్యవచ్చు, ఏది షట్‌డౌన్ దాకా ఆగాలి అని ఎవరో ఒకరు రోజూ లెక్క వేస్తూనే ఉన్నారు. రికార్డు అందరికీ తెలుసు, వాళ్లెవరో ఎవరికీ తెలియదు. నాకు ఆ సంగతి బాధగానే ఉంటుంది.

తేదీ కాస్త వాయిదా పడితే ఏమవుతుందిలే అంటారేమో. చెర్నోబిల్ నాలుగో యూనిట్ ప్రమాదం జరిగింది ఒక భద్రతా పరీక్ష చేస్తుండగానే. కరెంటు పోయినప్పుడు, తిరుగుతూ నెమ్మదించే టర్బైన్ కాసేపు పంపులను నడపగలదా అని చూడటం ఆ పరీక్ష. 1986 ఏప్రిల్ 25న పగటి షిఫ్టు దానికి సిద్ధమై ఉంది. మధ్యాహ్నం 2 గంటలకు కీవ్ గ్రిడ్ కంట్రోలర్, కరెంటు కావాలి, కాసేపు ఆపండి అన్నాడు. మళ్లీ అనుమతి వచ్చేసరికి రాత్రి 11 దాటింది. అర్ధరాత్రి డ్యూటీ ఎక్కిన షిఫ్టు చేతిలో ఆ పరీక్ష పడింది. 1 గంట 23 నిమిషాలకు మొదలుపెట్టారు, నిమిషంలోపే అంతా అయిపోయింది. రియాక్టర్ డిజైన్లోనే పెద్ద లోపాలున్నాయి, నేరమంతా తేదీ మీద వెయ్యను. కానీ తొమ్మిది గంటలు వాయిదా పడిన పరీక్షను కొత్త షిఫ్టుతో అలాగే చేసెయ్యాలా, ఇంకో రోజుకు మార్చాలా అని గట్టిగా అడిగే మనిషి ఆ రాత్రి అక్కడ లేకపోయారు. మీ అమ్మాయి అలాంటి మనిషి కావాలనుకుంటోంది.

మన దగ్గర ఉత్తరప్రదేశ్‌లోని నరోరా అణు కేంద్రంలో 1993 మార్చి 31 తెల్లవారుజామున టర్బైన్ బ్లేడ్లు విరిగి మంటలు లేచాయి. కేబుళ్లు కాలిపోవడంతో 17 గంటల పాటు కేంద్రానికి కరెంటే లేదు. సిబ్బంది టార్చిలైట్లు పట్టుకుని రియాక్టర్ భవనం పైకెక్కి, చేత్తో వాల్వులు తిప్పి, రియాక్టర్ మళ్లీ రాజుకోకుండా అడ్డుకునే బోరాన్ ద్రావణం వదిలారు. డీజిల్ ఫైర్ పంపులతో నీరు పంపి వేడిని లాగారు. చీకట్లో చేత్తో తిప్పితే తిరగాల్సిన వాల్వు అది. ఎప్పుడూ వాడని వాల్వును కూడా వేళ తప్పకుండా తిప్పి చూడమనడం ఇందుకే.

రేడియేషన్ భయం సంగతి. ఉద్యోగులకు ఏఈఆర్‌బీ పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (ఒంటికి తగిలే రేడియేషన్‌ను కొలిచే లెక్క), ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. పొట్టకు తీసే ఒక్క సీటీ స్కాన్‌తో సుమారు 10 దాకా వస్తుంది. బ్యాడ్జి పెట్టి ప్రతి మనిషి డోసూ లెక్క కడతారు. గర్భిణి అని తెలియజేశాక బిడ్డకు వేరే, చాలా తక్కువ పరిమితి వర్తిస్తుంది. అయినా షెడ్యూలింగ్, విశ్లేషణ ఎక్కువగా ఆఫీసులో కూర్చుని చేసే పనే.

ఇక దారి. ఈ పని పేరు పెట్టి ఎవరూ నోటిఫికేషన్ ఇవ్వరు, అది అమ్మాయికి స్పష్టంగా చెప్పండి. గేట్ స్కోరుతో, మన అణు విద్యుత్ కేంద్రాలను నడిపే ప్రభుత్వ సంస్థ ఎన్‌పీసీఐఎల్‌లో ఎగ్జిక్యూటివ్ ట్రెయినీగా చేరాలి. బీటెక్‌లో 60 శాతం ఉండాలి, జనరల్ వాళ్లకు వయసు 26 లోపు. ఏడాది శిక్షణ, ఆ తర్వాత మూడేళ్లు పనిచేస్తానని బాండు. ఏ విభాగంలో వేస్తారన్నది సంస్థ ఇష్టం. మొదట ఆపరేషన్‌లో గాని మెయింటెనెన్స్‌లో గాని వేస్తే సంతోషంగా వెళ్లమనండి. పంపు చప్పుడు వినని మనిషి పంపు పరీక్షకు తేదీ పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. నాలుగైదేళ్లయ్యాక టెక్నికల్ సర్వీసెస్‌కో మెయింటెనెన్స్ ప్లానింగ్‌కో అడగవచ్చు. నియంత్రణ వైపే వెళ్లాలనుంటే బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) ట్రెయినింగ్ స్కూల్ ప్రయత్నించాలి. అక్కడ శిక్షణ పొందినవాళ్లలో కొందరిని ఏఈఆర్‌బీలో వేస్తారు. మూడో ఏడాదిలోనే గేట్ రాయవచ్చు, ఈసారే రాయించండి. ప్రాబబిలిటీ, రిలయబిలిటీ పాఠాలు మాత్రం మీరే కూర్చోబెట్టి చెప్పండి.

ఇంటికి దగ్గరగా కొవ్వాడలో ఉద్యోగం వస్తుందన్న ఆశ ఉంటే ప్రస్తుతానికి పక్కన పెట్టండి. అక్కడ కేంద్రం ఇంకా కట్టలేదు. కల్పాక్కం, కైగా, కూడంకుళం, రావత్‌భాటా, ఎక్కడికైనా వెళ్లడానికి అమ్మాయి సిద్ధంగా ఉండాలి. అన్నిచోట్లా టౌన్‌షిప్పులున్నాయి.

ఈ వేసవిలో ఒక పని చెయ్యండి. మీ దగ్గర్లో పెద్ద ఆస్పత్రి ఏదైనా ఉంటే అనుమతి తీసుకుని, అమ్మాయిని వెంటబెట్టుకుని వాళ్ల జనరేటర్ గదికి వెళ్లండి. ఆరు నెలల లాగ్‌బుక్ చదవమనండి. ఏ తేదీన లోడ్ పెట్టారు, ఎంతసేపు నడిపారు, ఎక్కడ ఖాళీ ఉందో రాసుకు రమ్మనండి. ఆ కాగితం నాకు పంపించండి, చూసి అమ్మాయికే నేరుగా జవాబు రాస్తాను.