డిలీట్ చేసినా డిస్క్ ఖాళీ కావడం లేదేం? స్నాప్‌షాట్ల మీద పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మాది పెళ్ళిళ్ల వీడియోలు తీసే స్టూడియో. ఉబుంటు సర్వర్‌లో జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ పెట్టి, ఆటోమేటిక్‌గా స్నాప్‌షాట్లు (ఆ క్షణానికి ఫైళ్లు ఎలా ఉన్నాయో పట్టి ఉంచే కాపీల్లాంటివి) తీసే ప్యాకేజీ కూడా వేశాం. ఎడిటింగ్‌లో పుట్టుకొచ్చే రెండర్ ఫైళ్లు ఎప్పటికప్పుడు తీసేస్తున్నా డిస్క్ ఖాళీ కావడం లేదు. స్నాప్‌షాట్ల లిస్టు చూస్తే ఒక్కోటి కొన్ని ఎంబీలే అంటోంది. రెండర్ ఫోల్డర్ ఒక్కదాన్నీ స్నాప్‌షాట్లలోంచి తప్పించేదెలా? (విజయవాడ పాఠకుడు)

జవాబు: మీరు డిలీట్ చేసిన ఫైలు ఏ స్నాప్‌షాట్‌లో ఉన్నా, ఆ స్నాప్‌షాట్ పోయేదాకా దాని చోటు ఖాళీ కాదు. అలాగని ఫోల్డర్‌ని తప్పించడం కుదరదండీ. స్నాప్‌షాట్ తీసేది డేటాసెట్ (జెడ్‌ఎఫ్‌ఎస్‌లో విడిగా సెట్టింగులు పెట్టుకోగలిగే ఒక విభాగం) మొత్తానికి, అందులో ఏ ఫోల్డర్ కావాలి ఏది వద్దు అనే మాటే ఉండదు. కాబట్టి రెండర్‌ని విడిగా ఒక డేటాసెట్ చేసి, దానికి ఆటో స్నాప్‌షాట్ వద్దని చెప్పాలి. ఆ చెప్పేది ఒక ప్రాపర్టీ (డేటాసెట్‌కి పెట్టే సెట్టింగ్) ద్వారా: కామ్.సన్:ఆటో-స్నాప్‌షాట్ (టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్నక్షరాల్లోనే). దాని విలువ ఫాల్స్ అయితే మీ ప్యాకేజీ ఆ డేటాసెట్ జోలికి పోదు. జెడ్‌ఎఫ్‌ఎస్‌ని తయారుచేసిన సన్ కంపెనీని ఒరాకిల్ 2010లో కొనేసుకున్నా ఈ పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. అసలు జెడ్‌ఎఫ్‌ఎస్‌కి ఈ ప్రాపర్టీతో పనే లేదు, చదివేది మీ ప్యాకేజీలో స్నాప్‌షాట్ తీసే స్క్రిప్టు ఒక్కటే. అందుకే ఒక్క అక్షరం తప్పు కొట్టినా ఎర్రర్ రాదు, కిమ్మనకుండా సెట్ అయిపోతుంది, స్నాప్‌షాట్లూ మామూలుగా పడుతూనే ఉంటాయి.

ముందు పాత రెండర్ ఫోల్డర్ పేరు మార్చండి, లేకపోతే కొత్త డేటాసెట్ అదే చోట మౌంట్ కావడంలో పేచీ వస్తుంది. తర్వాత జెడ్‌ఎఫ్‌ఎస్ క్రియేట్ కమాండ్‌లోనే మైనస్ ఓ ఇచ్చి ఫాల్స్ పెట్టేయండి. తయారుచేశాక తీరిగ్గా పెడదాం అనుకుంటే ఈలోపు పావుగంట స్నాప్‌షాట్ ఒకటి పడిపోవచ్చు. కొత్త డేటాసెట్ రూట్ (అడ్మిన్) పేరు మీద పుడుతుంది, ఓనర్‌ని మార్చడం మరవకండి, లేదంటే మీ ఎడిటర్లు సేవ్ కావట్లేదని గోల పెడతారు. పాత రెండర్ ఫైళ్లని అందులోకి మూవ్ చేయకండి. డేటాసెట్లు మారితే మూవ్ అంటే కాపీ చేసి పాతది డిలీట్ చేయడమే, పాత బ్లాకులు (డిస్క్ మీద ఫైలు డేటా ముక్కలు) పాత స్నాప్‌షాట్లలో అలాగే ఉంటాయి, కొత్త కాపీకి మళ్ళీ చోటు కావాలి. రెండర్ ఎలాగూ మళ్ళీ చేసుకోవచ్చు, కాబట్టి పాత ఫోల్డర్ తీసేయడమే మేలు.

ఇక ఆ కొన్ని ఎంబీల సంగతి. స్నాప్‌షాట్ పక్కన యూజ్డ్ అని కనిపించే అంకె, ఆ ఒక్కదాన్నీ తీసేస్తే ఎంత చోటు వస్తుందో మాత్రమే చెబుతుంది. ఒక 80 జీబీ రెండర్ ఫైలు పది స్నాప్‌షాట్లలో ఉందనుకోండి, ఏ ఒక్కటి తీసినా మిగతా తొమ్మిదీ దాన్ని వదలవు, అందుకే ఆ 80 జీబీ ఏ స్నాప్‌షాట్ లెక్కలోకీ రాదు. జెడ్‌ఎఫ్‌ఎస్ లిస్ట్ మైనస్ ఓ స్పేస్ అని కొట్టి యూజ్డ్‌స్నాప్ అనే కాలమ్ చూడండి, అసలు బరువు అక్కడుంటుంది.

మీ ప్యాకేజీ మామూలుగా పావుగంటవి 4, గంటవి 24, రోజువి 31, వారంవి 8, నెలవి 12 ఉంచుకుంటుంది. అంటే నెలవారీ స్నాప్‌షాట్ పడే వేళకి డిస్క్ మీద ఉన్న రెండర్ ఫైలు, మీరు మర్నాడే డిలీట్ చేసినా, దాదాపు ఏడాది పాటు చోటు తింటూనే ఉంటుంది. ఇంకో మెలిక ఏంటంటే, ముందే స్నాప్‌షాట్లు ఉన్న డేటాసెట్‌కి ఇప్పుడు ఫాల్స్ పెడితే కొత్తవి ఆగుతాయి గానీ పాతవి పోవు. స్క్రిప్టు దాన్ని తన జాబితాలోంచే తీసేసింది కాబట్టి గడువు తీరినవాటిని కూడా ఊడ్చదు. చేత్తో తీసుకోవాల్సిందే. డిస్ట్రాయ్ కమాండ్‌కి మైనస్ ఎన్‌వి కలిపితే ఏవి పోతాయో, ఎంత చోటు వస్తుందో చూపించి ఊరుకుంటుంది, ఏదీ చెరపదు. అది చూసుకున్నాకే అసలుది కొట్టండి. డేటాసెట్ పేరు తర్వాత ఎట్ గుర్తు ఉందో లేదో రెండుసార్లు చూసుకోండి, ఆ గుర్తు మరిచి మైనస్ ఆర్ ఇచ్చారంటే స్నాప్‌షాట్లతో పాటు డేటాసెట్ కూడా పోతుంది.

ట్రూ పెట్టినవాటికే తీసి మిగతావన్నీ వదిలేసే డిఫాల్ట్ ఎక్స్‌క్లూడ్ అనే ఆప్షన్ కూడా ఈ స్క్రిప్టులో ఉంది. నేనైతే వద్దంటాను. ఫాల్స్ పెట్టడం మరిచిపోతే డిస్క్ నిండుతుంది, అది కంటికి కనిపిస్తుంది. ట్రూ పెట్టడం మరిచిపోతే మాత్రం ఎవరో కస్టమర్ పెళ్ళి ఫుటేజ్ పొరపాటున డిలీట్ అయిన రోజు దాకా మీకు తెలియదు.

ప్రశ్న: మా మెయిన్ సర్వర్ నుంచి బ్యాకప్ మెషీన్‌కి రోజూ సెండ్, రిసీవ్ (స్నాప్‌షాట్లని పంపే, అందుకునే జెడ్‌ఎఫ్‌ఎస్ కమాండ్లు) నడుస్తాయి. ఈమధ్య రిసీవ్ ఫెయిల్ అవుతోంది, అటువైపు చివరి స్నాప్‌షాట్ కలవడం లేదంటోంది. బ్యాకప్ పూల్ (డేటాసెట్లన్నీ ఉండే డిస్కుల సమూహం) పైన ఫాల్స్ పెట్టినా అక్కడ ఆటో స్నాప్‌షాట్లు ఆగడం లేదు. (హైదరాబాద్ పాఠకురాలు)

జవాబు: మీరు సెండ్‌కి మైనస్ పెద్ద ఆర్ ఇచ్చి పంపుతున్నట్టున్నారు. అప్పుడు డేటాతో పాటు ప్రాపర్టీలు కూడా వెళ్తాయి. మెయిన్ సర్వర్‌లో ఎక్కడో ట్రూ అని పెట్టి ఉంటారు, అది అటువైపు కూడా దిగుతుంది. పైనుంచి వారసత్వంగా వచ్చే ఫాల్స్ కంటే సెండ్ పంపే స్ట్రీమ్‌తో వచ్చిన ట్రూకే బలం ఎక్కువ. దాని మీద గెలిచేది అదే డేటాసెట్ మీద స్వయంగా సెట్ చేసిన విలువ ఒక్కటే. జెడ్‌ఎఫ్‌ఎస్ గెట్ మైనస్ ఆర్ కొట్టి సోర్స్ కాలమ్ చదవండి: లోకల్ అంటే అక్కడే పెట్టింది, ఇన్‌హెరిటెడ్ అంటే పైనుంచి వచ్చింది, రిసీవ్డ్ అంటే మీ గొడవకు కారణం. రిసీవ్ కమాండ్‌కే మైనస్ ఓ ఇచ్చి ఈ ప్రాపర్టీని ఫాల్స్ చేస్తే కింద ఉన్నవన్నీ దాన్నే తీసుకుంటాయి. అంతకంటే తేలిక, ఆ మెషీన్‌కి బ్యాకప్ తప్ప వేరే పని లేకపోతే అందులోంచి ఆటో స్నాప్‌షాట్ ప్యాకేజీనే తీసేయండి, స్నాప్‌షాట్లు ఎలాగూ మెయిన్ సర్వర్ నుంచి వస్తున్నాయి కదా. ఈలోపు అక్కడ పడిన అదనపు స్నాప్‌షాట్ల వల్లే చివరిది కలవడం లేదు, వాటిని చెరిపితే రిసీవ్ మళ్ళీ దారిలో పడుతుంది. టెన్షన్ తట్టుకోలేక రిసీవ్‌కి మైనస్ పెద్ద ఎఫ్ కొట్టేసేవాళ్ళున్నారు. అది అటువైపు కొత్తగా ఉన్నవాటిని అడగకుండా తీసేస్తుంది, తెలిసి కొడితే సరే.

ప్రశ్న: నాది ఓపెన్‌సూసే లినక్స్, బీటీఆర్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్, స్నాప్‌షాట్లు తీసేది స్నాపర్. నాకూ ఇలాంటి ప్రాపర్టీ ఉందా? (రాజమండ్రి విద్యార్థి)

జవాబు: లేదు, అవసరమూ అంతగా లేదు. బీటీఆర్ఎఫ్ఎస్‌లో స్నాప్‌షాట్ తన లోపలున్న వేరే సబ్‌వాల్యూమ్ (జెడ్‌ఎఫ్‌ఎస్ డేటాసెట్ లాంటిది) లోకి దిగదు, కాబట్టి తప్పించాల్సిన ఫోల్డర్‌ని సబ్‌వాల్యూమ్ చేస్తే చాలు. ఓపెన్‌సూసే ఇన్‌స్టాలర్ వార్ (లాగ్‌లు, డేటాబేస్‌లు ఉండే చోటు) డైరెక్టరీని వేరు చేసేది అందుకే: సిస్టమ్‌ని వెనక్కి తిప్పినప్పుడు లాగ్‌లు, డేటాబేస్‌లు కూడా పాతవైపోకూడదు. స్నాపర్‌లో కాన్ఫిగ్ (సెట్టింగుల ఫైలు) ఒక్కో సబ్‌వాల్యూమ్‌కి విడిగా ఉంటుంది, గంటగంటకీ తీయడం ఆపాలంటే ఆ కాన్ఫిగ్‌లో టైమ్‌లైన్ క్రియేట్‌ని నో చేయండి. హోమ్‌కి మీరుగా కాన్ఫిగ్ రాయకపోతే హోమ్‌లో ఏ స్నాప్‌షాటూ పడదు, ప్రాజెక్టు ఫైళ్లు అక్కడే ఉంటే ఇవాళే ఒకటి రాసుకోండి.