డెమోలో చూపించింది బండిలో జరగలేదు, డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. సొంత డీజిల్ ట్రాలీ ఆటో ఉంది, నేనే నడుపుకుంటాను. ఆరు నెలల కిందట విజయవాడలో ఎగ్జిబిషన్‌కు వెళ్తే ఒక స్టాల్‌లో ఇంజన్ ఆయిల్‌లో కలిపే అడిటివ్ అమ్ముతున్నారు. చిన్న మిషన్ పెట్టి, మామూలు ఆయిల్‌తో మోటారు ఆగిపోవడం, వాళ్ళ మందు కలిపాక ఎంత బరువు వేసినా ఆగకుండా తిరగడం కళ్ళముందే చూపించారు. మైలేజీ 30 శాతం పెరుగుతుందని, ఇంజన్ లైఫ్ రెట్టింపు అవుతుందని పాంప్లెట్‌లో కూడా వేశారు. సీసా 1,450 రూపాయల చొప్పున రెండు కొన్నాను. ఒకటి పోశాను. మైలేజీ పైసా మారలేదు. నాలుగో నెలలో ఇంజన్‌లో చప్పుడు మొదలై బేరింగులు పోయాయి. రిపేరుకు 38,000 అయ్యింది. ఫోన్ చేస్తే "మీ బండి పాతది, మా మందు తప్పు కాదు" అన్నారు. ఇప్పుడు ఏజెంటు ఫోన్ చేసి, రెండో సీసా తనకు ఇచ్చేస్తే కొత్త బ్యాచ్ సీసా ఇస్తానంటున్నాడు. బిల్లు మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ఉంది. పైగా బండి కిరాయికి తిప్పేది కాబట్టి వినియోగదారుల కోర్టు నాకు వర్తించదని ఒకరన్నారు. నేనేం చేయాలి?

జవాబు: మీకు జరిగిన నష్టం రెండు రకాలు. సీసాలకు పెట్టిన 2,900 రూపాయలు ఒకటి, ఇంజన్ రిపేరుకైన 38,000 ఇంకొకటి. మొదటి దాంట్లో మీ పక్షం గట్టిగా ఉంది. రెండోది కష్టం. ఈ రెంటినీ కలిపేసి "మందు పోశాను, ఇంజన్ పోయింది, మొత్తం ఇప్పించండి" అని రాస్తే, రెండోదాని బలహీనత మొదటిదాన్ని కూడా దెబ్బతీస్తుంది. ఫిర్యాదులో వాటిని వేరువేరుగా రాయండి.

ముందు ఆ మిషన్ సంగతి చూద్దాం. కేసంతా దాని చుట్టూనే తిరుగుతుంది. గతంలో ఇలాంటి వ్యవహారం ఒకటి నా దగ్గరకు వచ్చినప్పుడు ఆ మిషన్‌ని పక్కనే నిలబడి చూశాను. చిన్న మోటారు, దానికి ఉక్కు రింగు. రింగు అడుగు భాగం కొద్దిగా నూనెలో మునిగి తిరుగుతుంటుంది. పొడవాటి కమ్మీ ఒకటి, దానికి బిగించిన చిన్న రోలర్ ముక్క. కమ్మీ చివర బరువులు వేసేకొద్దీ ఆ ముక్క రింగును గట్టిగా నొక్కుతుంది. మామూలు ఆయిల్‌తో రెండు బరువులకే కీచుమని మోటారు ఆగింది. మందు రెండు చుక్కలు కలిపాక బరువులన్నీ వేసినా తిరుగుతూనే ఉంది. రోలర్ ముక్కలు రెండూ చేతిలో పెట్టి చూపించారు. మొదటిదాని మీద గోరంత గుంట, రెండోదాని మీద సన్నటి గీత. చూసినవాళ్ళు జేబులో చెయ్యి పెట్టకుండా ఎలా ఉంటారు? మీరు కొన్నందుకు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అక్కడ కనిపించిందంతా నిజమే. దాన్నిబట్టి వాళ్ళు చెప్పిన మాటే అబద్ధం.

అప్పట్లో ఒక మెకానికల్ ఇంజనీరింగ్ లెక్చరర్ గారు నాకు ఇది విడమర్చి చెప్పారు. ఆ మిషన్ టిమ్కెన్ అనే పరీక్షకు నాటు రూపం. గేరు ఆయిళ్ళు, గ్రీజులు ఎంత ఒత్తిడి తట్టుకుంటాయో చూడటానికి వాడే పరీక్ష అది. ఇనుము మీద ఇనుము సూదిమొనంత చోట ఒరిసే పరిస్థితిని అది కల్పిస్తుంది. మీ ఇంజన్‌లో క్రాంక్ బేరింగుల దగ్గర జరిగేది అది కాదు. అక్కడ పంపు ఒత్తిడితో ఆయిల్ వస్తుంది, షాఫ్ట్ తిరిగే వేగానికి పల్చటి ఆయిల్ పొర ఏర్పడి రెండు లోహాలనూ విడిగా ఉంచుతుంది. అలాంటిచోట ఈ మిషన్ మీద గెలిచిన మందుకు చేయడానికి పెద్దగా పని ఉండదు. పైగా మిషన్ మీద సులభంగా నెగ్గేవి క్లోరిన్ కలిసిన పదార్థాలు. రాపిడి వేడికి అవి లోహంతో కలిసి జారుడు పొర కడతాయి. లోహాలు కోసే నూనెల్లో అవి పనికొస్తాయి. ఇంజన్‌లో మాత్రం వేడికీ తేమకూ విడిపోతే ఆమ్లం తయారై బేరింగులను తినే ప్రమాదం ఉంది. మీరు కొన్న సీసాలో ఏముందో ల్యాబ్ పరీక్ష జరిగితేగానీ తేలదు. కానీ మోటారు ఆగకపోవడం మీ ఇంజన్‌కు మేలు జరుగుతుందనడానికి రుజువు కాదు. మీ లాయరు గానీ మీరు గానీ వినియోగదారుల కమిషన్ (మీరు వినియోగదారుల కోర్టు అన్నది దాన్నే) ముందు గట్టిగా చెప్పాల్సిన మాట ఇదే.

ఇక చట్టం. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో సెక్షన్ 2(47) అనుచిత వ్యాపార పద్ధతుల గురించి చెబుతుంది. సరుకు పనితీరు గురించి, అది ఎంతకాలం మన్నుతుందనే దాని గురించి తగిన పరీక్ష లేకుండా గ్యారంటీ ఇవ్వడం అందులో ఒకటి. "మేం పరీక్షలు చేయించాం" అని అవతలివాళ్ళు అంటే, ఆ సంగతి నిరూపించుకునే బాధ్యత వాళ్ళదేనని చట్టమే రాసి ఉంచింది. చాలామందికి ఈ సంగతి తెలియక "నేనెక్కడ నిరూపించగలను సార్" అని వెనక్కి తగ్గుతారు. ఎంత బాధేస్తుందో! 30 శాతం మైలేజీ ఏ బండి మీద, ఏ ల్యాబ్‌లో, ఎన్ని కిలోమీటర్లు నడిపి తేల్చారో వాళ్ళు కాగితం చూపించాలి. స్టాల్‌లో తిప్పిన మోటారు ఆ కాగితం కాదు.

అదే చట్టం సెక్షన్ 2(10)లో, అమ్మేవాడు ఏ విధంగా చెప్పుకున్నా సరే, ఆ చెప్పిన నాణ్యత సరుకులో లేకపోతే అది లోపమే అంటుంది. నోటితో చెప్పిన మాట, చేసి చూపించిన డెమో కూడా ఇందులోకి వస్తాయి. పాంప్లెట్, సీసా మీద లేబుల్ ప్రకటన కిందికే వస్తాయి. "మా మందు అదిరిపోద్ది" అనడం వ్యాపారి గొప్పలు చెప్పుకోవడం, దాన్ని కమిషన్ పెద్దగా పట్టించుకోదు. "30 శాతం", "రెట్టింపు" అని అంకెలు వేశారు చూడండి, అక్కడ దొరికిపోయారు. ఆ పాంప్లెట్ మీ దగ్గర ఉందా? ఉంటే ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి దాచండి.

అమెరికాలో ఈ తరహా సరుకు మీద అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చాలా ఏళ్ళు పోరాడింది. స్లిక్ 50 అనే పేరున్న అడిటివ్ మీద 1996లో ఫిర్యాదు పెట్టింది, 1997లో రాజీ కుదిరింది. జీమ్యాక్స్ అనే ఇంకోదాని మీద 2001లో దావా వేసింది. ఆ మందు కలిపిన ఆయిల్‌తో చేసిన ఒక పరీక్షలో బేరింగుల తుప్పు మామూలు ఆయిల్‌తో పోలిస్తే రెట్టింపు కన్నా ఎక్కువ ఉందని, ఆ సంగతి కంపెనీ బయటపెట్టలేదని అప్పట్లో ఆరోపించింది. అదీ 2003లో రాజీతో ముగిసింది. ఆ కేసులు మన కమిషన్లకు శిరోధార్యం కావు. అయినా మీకు వచ్చిన అనుమానాన్నే ఒక దేశపు నియంత్రణ సంస్థ ఎంత గట్టిగా తీసుకుందో తెలుస్తుంది.

కిరాయి బండి కాబట్టి వినియోగదారుడు కాదన్న మాట మీ విషయంలో తప్పు. వ్యాపారం కోసం కొన్న సరుకుకు ఈ చట్టం వర్తించదన్నది నిజమే. కానీ స్వయం ఉపాధితో కేవలం బతుకుతెరువు కోసం వాడుకునేవాళ్ళను చట్టం అందులోంచి మినహాయించింది. లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో 1995లో సుప్రీంకోర్టు ఆటోరిక్షానే ఉదాహరణగా తీసుకుని, కొనుక్కుని తానే నడుపుకునేవాడు వినియోగదారుడేనని చెప్పింది. డ్రైవర్లను పెట్టి నాలుగు బండ్లు తిప్పేవారైతే సమాధానం వేరుగా ఉండేది. "ఈ బండి నేనే నడుపుతాను, నా కుటుంబానికి ఇదే జీవనాధారం" అని ఫిర్యాదులో స్పష్టంగా ఒక వాక్యం రాయండి. అది రాయక దెబ్బతిన్న కేసులు ఉన్నాయి.

"వాపసు తీసుకోబడదు" అన్న ముద్ర చూసి టెన్షన్ పడకండి. సరుకులో లోపం ఉంటే ఆ ముద్ర మీ హక్కును తీసేయలేదు. విజయవాడలో కొన్నారు కాబట్టి అక్కడికే వెళ్ళాలనీ లేదు. మీరు ఉండే చోటే కేసు వేయవచ్చని సెక్షన్ 34 చెబుతుంది, ఖమ్మం జిల్లా కమిషన్ చాలు. సరుకు ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. కొన్నప్పటి నుంచి లెక్కేసుకున్నా రెండేళ్ళ గడువులో మీకు ఇంకా ఏడాదిన్నర ఉంది, అయినా ఆలస్యం చేయకండి. ఎగ్జిబిషన్ స్టాళ్ళు ఇవాళ ఉంటాయి, రేపు ఉండవు. లేబుల్ మీద తయారీదారు లేదా ప్యాకర్ పేరు, చిరునామా ఉండాలి. స్టాల్ యజమానితో పాటు వాళ్ళనూ ప్రతివాదులుగా చేర్చండి.

మొదట 1915కి, అంటే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. చిన్న మొత్తాలకు కొన్నిసార్లు అక్కడే తెగిపోతుంది. తెగకపోతే 15 రోజుల గడువుతో నోటీసు పంపి, ఆ తర్వాత కమిషన్‌కు వెళ్ళండి. పోలీసు కేసు గురించి అడగబోతారేమో, మోసం చేసే ఉద్దేశం అమ్మేనాటికే ఉందని చూపించాలి కాబట్టి దాని జోలికి ఇప్పుడే వెళ్ళొద్దంటాను. తప్పుడు ప్రకటన మీద జిల్లా కలెక్టర్‌కు గానీ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు గానీ విడిగా రాయవచ్చు. ఆ సంస్థ మొదటి తప్పుకు 10 లక్షల వరకు జరిమానా వేయగలదు. ఆ డబ్బు మీకు రాదు, కానీ ఇంకో ఊళ్ళో ఇంకో డ్రైవరు ఆ మిషన్ ముందు నిలబడి మోసపోవడం ఆగుతుంది.

ఇప్పుడు 38,000 సంగతి. ఇక్కడ భారం మీ మీద ఉంటుంది. మందు వల్లే బేరింగులు పోయాయని చూపాలి. బండి పాతది, ఆయిల్ సమయానికి మార్చలేదు, లోడు ఎక్కువేశారు అని వాళ్ళు వాదిస్తారు. తీసేసిన ఆయిల్‌ను మీ మెకానిక్ పారబోసే ఉంటాడు. అరిగిన బేరింగులు షెడ్డులో ఇంకా పడి ఉన్నాయేమో ఇవాళే వెళ్ళి అడగండి. ఉంటే వాటిని కడగకుండా అలాగే కవర్‌లో కట్టి తెచ్చుకోండి. వాటిని ఎలా చూశాడో, ఏ రంగులో ఉన్నాయో, ఎక్కడ అరిగాయో మెకానిక్‌తో తేదీ వేసి రాయించి సంతకం తీసుకోండి. ఆయిల్ మార్చిన బిల్లులు వెతకండి. ఇవేవీ దొరకకపోతే ఈ మొత్తం వస్తుందని నేను మీకు ఆశ పెట్టను.

మైలేజీ విషయంలో మాత్రం చాలామంది డ్రైవర్ల దగ్గర ఒక మంచి సాక్ష్యం ఉంటుంది. డ్యాష్‌బోర్డు మీద అట్ట చిరిగిన చిన్న నోటుబుక్, అందులో తేదీ, మీటర్ రీడింగు, పోయించిన లీటర్లు. మీకూ ఆ అలవాటుంటే, మందు పోయకముందు మూడు నెలలు, పోశాక మూడు నెలలు రాసిన పేజీలు జిరాక్స్ తీసి జతచేయండి. లేకపోతే డీజిల్‌కు ఫోన్‌లో కట్టిన యూపీఐ చరిత్ర ఉంటుంది కదా, అదైనా సరే. డెమో వీడియో తీసుకుని ఉంటే ఆ ఫోన్ మార్చకండి, అమ్మకండి.

ఏజెంటు అడుగుతున్న రెండో సీసా ఉంది చూశారూ, అది మూత తీయని సీసా. అందుకే అడుగుతున్నాడని నా అనుమానం. సెక్షన్ 38 కింద కమిషన్ దాన్ని సీలు వేసి ల్యాబ్‌కు పంపగలదు. రిపోర్టు 45 రోజుల్లో రావాలని చట్టం చెబుతుంది. పరీక్ష ఫీజు ముందుగా మిమ్మల్ని కట్టమనవచ్చు, ఆ ఖర్చు కూడా ఫిర్యాదులో కోరండి. ఇంకో బ్యాచ్ సీసా మీ చేతికొస్తే, మీరు వాడిన సరుకు ఏమిటో తేల్చే దారి మూసుకుపోతుంది. అతను ఫోన్ చేసినప్పుడు డబ్బు వెనక్కి ఇస్తే మాట్లాడదామని, అదీ వాట్సాప్‌లో రాసి పంపమని చెప్పండి. ఆ సీసా బ్యాచ్ నంబరు కనిపించేలా నాలుగు వైపులా ఫోటోలు తీసి, కాగితం చుట్టి, ఎండ తగలని చోట పెట్టి తాళం వేయండి.