నొప్పి పోయినంత మాత్రాన మోకాలు మానినట్టు కాదు

పాఠకుల ప్రశ్నలకు విజయవాడకు చెందిన క్రీడా గాయాల ఫిజియోథెరపిస్టు సమాధానాలు

ప్రశ్న: నా వయసు 21. గుంటూరులో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను, కళాశాల కబడ్డీ జట్టులో రైడర్‌ని. కూతకు వెళ్ళి వెనక్కి తిరుగుతుండగా అవతలి జట్టు వాళ్ళు చీలమండ పట్టేశారు. పాదం అక్కడే ఉండిపోయి మోకాలు మెలితిరిగింది, టప్‌మన్న శబ్దం నాకే వినిపించింది. ఎమ్మారైలో ఏసీఎల్ (మోకాలి లోపల తొడ ఎముకనూ కాలి ఎముకనూ కట్టి ఉంచే లిగమెంటు) పూర్తిగా తెగిందని తేలడంతో తొడ వెనక నరం తీసి కొత్త లిగమెంటు వేశారు. ఆపరేషన్ అయి మూడు నెలలు నిండాయి. ఇప్పుడు నొప్పి లేదు, వాపు లేదు, మూడో అంతస్తులోని మా ఇంటికి మెట్లెక్కే వెళ్తున్నాను. అందుకే నెల రోజులుగా ఫిజియోథెరపీ మానేశాను. సంక్రాంతి పోటీలకు ఇంకా రెండు నెలల సమయం ఉంది. బ్రేస్ వేసుకుని ఆడవచ్చా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఆడకూడదు. సంక్రాంతి నాటికి మీ ఆపరేషన్‌కు ఐదు నెలలే అవుతుంది. ఈ మాట మీ సర్జన్ కూడా చెప్పే ఉంటారు, అయినా నాకు ఉత్తరం రాశారంటే ఆ జవాబు మీకు రుచించలేదని అర్థమవుతోంది. కాబట్టి కారణం కాస్త వివరంగా చెబుతాను.

మన వైపు నరం అనే మాటను దేనికైనా వాడేస్తాం. మీ మోకాలిలో వేసింది కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండాన్. దానిని తీసి తొడ ఎముకలోనూ కాలి ఎముకలోనూ తొలిచిన సొరంగాల గుండా బిగించినప్పుడు దానికి సొంత రక్త సరఫరా ఉండదు. శరీరం ఆ పాత అల్లికను కొంతవరకు కరిగించుకుంటూ, కొత్త రక్తనాళాలను పంపి, నెమ్మదిగా లిగమెంటుగా తిరిగి అల్లుకుంటుంది. ఈ పని ఏడాదికి పైగా సాగుతుంది. అందులోనూ మొదటి మూడు నెలల్లో, ముఖ్యంగా ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య, ఆ అతుకు ఆపరేషన్ రోజున ఉన్నంత గట్టిగా కూడా ఉండదు. సరిగ్గా అదే సమయానికి కోతల గాయం మాని, వాపు తీసి, నడక బాగుపడి, రోగికి అంతా సర్దుకున్నట్టు అనిపిస్తుంది. మోకాలు లోపల బలహీనంగా ఉన్న రోజులూ, మనిషికి ధైర్యం పెరిగే రోజులూ ఒకటే కావడం ఈ ఆపరేషన్‌లోని పెద్ద చిక్కు.

మెట్లు ఎక్కగలగడాన్ని కొలమానంగా తీసుకోకండి. మెట్లెక్కేటప్పుడు మోకాలు ఒకే దిశలో ముడుచుకుని చాచుకుంటుంది, ఏసీఎల్‌కు అక్కడ పెద్ద పని లేదు. పాదం నేలకు ఆనించి ఒళ్ళు తిప్పినప్పుడే దాని అవసరం. కబడ్డీలో రైడర్ ప్రతి కూతలోనూ చేసేది అదే, పైగా ఆనించిన కాలి మీద నలుగురు వచ్చి పడతారు. మట్టి కోర్టులో పాదం కాస్త జారి మెలికను కొంత తప్పించుకుంటుంది, మ్యాట్ మీద బూటు పట్టేయడంతో ఆ మెలిక అంతా మోకాలికే చేరుతుంది. ఈ మెలికను బ్రేస్ ఆపలేదు. అది వేసుకుంటే మీకు ధైర్యం వస్తుంది, మీ విషయంలో ఆ ధైర్యమే ప్రమాదం.

2016లో వెలువడిన ఒక నార్వే అధ్యయనంలో, ఆపరేషన్ తరువాత తొమ్మిది నెలల వరకు ఆటను ఒక్కో నెల వాయిదా వేసిన కొద్దీ మోకాలు మళ్ళీ గాయపడే ముప్పు సుమారు సగానికి సగం తగ్గుతూ వచ్చింది. పాతికేళ్ళ లోపు వయసులో తిరిగి ఆటలోకి దిగినవారిలో దాదాపు నలుగురిలో ఒకరికి అదే మోకాలిలోనో రెండో మోకాలిలోనో ఏసీఎల్ మళ్ళీ తెగుతోందని వేరే పరిశోధనలు చెబుతున్నాయి. మీరు ఆ వయసులోనే ఉన్నారు.

ఇక ఫిజియోథెరపీ మానేయడం గురించి. టేపు తీసుకుని, మోకాలి చిప్ప పై అంచు నుంచి పది సెంటీమీటర్ల ఎత్తున రెండు తొడల చుట్టుకొలత చూడండి. ఆపరేషన్ అయిన వైపు రెండు మూడు సెంటీమీటర్లు తగ్గి ఉంటే ఆశ్చర్యపోనక్కరలేదు. మోకాలిలో వాపు చేరగానే తొడ ముందు కండరానికి అందే ఆదేశాలు మందగిస్తాయి, వాపు తగ్గాక కూడా ఆ కండరం దానంతట అది కోలుకోదు. లెగ్ ప్రెస్, సగం వరకు గుంజీలు, ఒంటికాలితో పీట మీద నుంచి నెమ్మదిగా దిగడం వంటివి బరువు పెంచుకుంటూ నెలల తరబడి చేస్తేనే అది తిరిగి పెరుగుతుంది. ఆ కండరం బలం రెండో కాలితో పోలిస్తే కనీసం 90 శాతానికి చేరాలి. ఒంటికాలి గెంతులో కూడా లెక్క అదే: బాగున్న కాలితో 150 సెంటీమీటర్లు గెంతితే, ఆపరేషన్ కాలితో 135 అయినా గెంతి, దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలకుండా నిలబడగలగాలి. ఈ పరీక్షలు ఇప్పుడు మీ అంతట మీరు ఇంటి దగ్గర చేసుకోవద్దు. సమయం వచ్చినప్పుడు ఫిజియోథెరపిస్టు ఎదుటే చేయాలి.

మోకాలు పూర్తిగా చాచగలుగుతూ, వాపు లేకుండా, బలం తగినంత ఉంటే ఈ దశలో తిన్నగా నెమ్మదైన పరుగు మొదలుపెట్టనిస్తారు. మలుపులతో పరుగులు సుమారు ఆరో నెలలో వస్తాయి. ఆ తరువాత ఎదుట ఎవరూ లేకుండా కూత అడుగులు, ఆపైన ఒక్క డిఫెండర్‌తో సాధన చేయాలి. డిఫెండర్ చేత చీలమండ పట్టించి సాధన చేయడం అన్నిటికంటే చివర. పోటీ ఆటకు తొమ్మిది నెలలు కనీస గడువు, మీ ఆట కబడ్డీ కనుక నేనైతే ఏడాది అంటాను. మన పుల్లెల గోపీచంద్‌ను ఉదాహరణగా చూపి తొందరపెట్టే మిత్రులు మీకూ ఉండే ఉంటారు. ఆయన మోకాలు దెబ్బతిన్నది 1994లో, ఆల్ ఇంగ్లండ్ గెలిచింది 2001లో. ఆ రెండు సంవత్సరాల మధ్య దూరాన్ని కూడా వాళ్ళకు చెప్పండి.

ప్రశ్న: మా అమ్మాయికి 19 ఏళ్ళు, బాస్కెట్‌బాల్ ఆడుతూ పడితే ఏసీఎల్ ఆపరేషన్ చేశారు. 18 రోజులయింది. మోకాలి కింద దిండు పెట్టుకుంటేనే హాయిగా ఉందంటోంది, కాలు పూర్తిగా చాపలేకపోతోంది. కుట్ల పక్కన చర్మం మొద్దుబారింది. ఆముదం వెచ్చచేసి మర్దన చేస్తే పట్టు వదులుతుందని మా అత్తగారు అంటున్నారు.
– ఒక తల్లి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అమ్మా, ముందుగా ఆ దిండు తీసేయండి. మోకాలు కొద్దిగా ముడిచి ఉంచితే నొప్పి తక్కువగా ఉంటుంది, అందుకే ప్రతి రోగీ దిండు అడుగుతారు. కానీ రోజంతా అలా ఉంచితే లోపల ఏర్పడే మచ్చ కణజాలం కాలు చాచుకోవడానికి అడ్డుపడుతుంది. అది ముదిరితే మళ్ళీ చిన్న ఆపరేషన్ చేసి తొలగించవలసి రావచ్చు. ముడుచుకోవడం కొంత ఆలస్యమైనా తరువాత సాధించుకోవచ్చు, చాచుకోవడం మాత్రం మొదటి వారాల్లోనే రావాలి. తువ్వాలును చుట్టగా చుట్టి మడమ కింద పెట్టండి, మోకాలి కింద ఏమీ ఉండకూడదు. అలా పది నిమిషాల చొప్పున రోజుకు అయిదారుసార్లు ఉంచి, తొడ కండరాన్ని బిగించి మోకాలిని మంచానికి అదిమించండి.

తేడా ఎంతుందో మీరే చూడవచ్చు. అమ్మాయిని మంచం మీద బోర్లా పడుకోబెట్టి, మోకాళ్ళ కింది భాగం మంచం అంచు దాటి గాలిలో ఉండేలా చూసి, వెనక నిలబడి రెండు మడమల ఎత్తును పోల్చండి. ఒక మడమ ఎంత పైకి ఉంటే అంత లోటు, సుమారు ఒక సెంటీమీటరుకు ఒక డిగ్రీ. నాలుగైదు సెంటీమీటర్లు ఉంటే తరువాతి అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా ఈ వారమే సర్జన్‌కు చూపించండి. నెలిక (మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్) కుట్టు కూడా జరిగి ఉంటే కాలు మోపడానికీ ముడవడానికీ నియమాలు వేరుగా ఉంటాయి కనుక డిశ్చార్జి కాగితం తీసుకెళ్ళండి.

మీ అత్తగారి ఆముదం ఇప్పుడు వద్దు. లోపల ఇంకా వేడి, వాపు ఉన్న కీలుకు కాపడం మేలు చేయదు, మానని కుట్ల మీద నూనె పడకూడదు. పిక్కను మర్దన చేయడం అసలే వద్దు. ఈ ఆపరేషన్ తరువాత పిక్క సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం ఉంది, మర్దనతో ఆ గడ్డ కదిలితే ప్రాణం మీదికి వస్తుంది. పిక్క గట్టిపడి నొప్పి, వాపు వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. ఆయాసం గానీ ఛాతీలో నొప్పి గానీ వస్తే క్షణం ఆలస్యం చేయకూడదు. జ్వరం వచ్చినా, కుట్ల నుంచి చీము కారినా ఫోనులో సలహాలు అడగకండి, నేరుగా వెళ్ళండి. వాపుకు ఐసు ముక్కలను పలుచని గుడ్డలో చుట్టి పదిహేను నిమిషాలు పెట్టండి.

చర్మం మొద్దుబారడం అక్కడి చిన్న నరం (ఈసారి నిజంగా నరమే) కోతలో దెబ్బతినడం వల్ల వస్తుంది. చాలామందిలో నెలల మీద ఆ ప్రదేశం కుంచించుకుపోతుంది, కొంతమందికి రూపాయి బిళ్ళంత మేర ఉండిపోతుంది. దానివల్ల నడకకు, ఆటకు ఇబ్బంది లేదు.

ప్రశ్న: నాకు 46 ఏళ్ళు, బ్యాంకు ఉద్యోగిని. ఉదయం పూట షటిల్ ఆడుతూ మోకాలు మెలిపడింది, ఏసీఎల్ పూర్తిగా తెగిందన్నారు. ఆపరేషన్ తప్పదా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అందరికీ తప్పనిసరి కాదు. 2013లో ఐదేళ్ళ ఫలితాలు ప్రచురితమైన ఒక స్వీడన్ పరిశోధనలో, ముందుగా వ్యాయామ చికిత్స తీసుకున్న యువ రోగుల్లో దాదాపు సగం మందికి ఐదేళ్ళ తరువాత కూడా ఆపరేషన్ అవసరం రాలేదు. మూడు నెలలు శ్రద్ధగా తొడ కండరాలు పెంచుకుని, షటిల్ పక్కన పెట్టి చూడండి. నడకలో, మెట్లు దిగేటప్పుడు, బండి దిగి కాలు మోపేటప్పుడు మోకాలు పక్కకు తప్పుకోకుండా ఉంటే ఆపరేషన్ లేకుండానే గడిచిపోవచ్చు. మళ్ళీ మళ్ళీ తప్పుకుంటూ ఉంటే మాత్రం ఆలోచించకుండా చేయించుకోండి, ఎందుకంటే అలా జారిన ప్రతిసారీ లోపలి నెలిక నలుగుతుంది. ఈ మూడు నెలల్లో ఎప్పుడైనా మోకాలు మధ్యలో ఇరుక్కుని చాచుకోకుండా పోతే గడువు పూర్తయ్యేదాకా ఎదురుచూడకండి. నెలిక ముక్క కీలులో అడ్డుపడి ఉండవచ్చు, దానిని కుట్టగలిగే అవకాశం తొందరగా వెళితేనే ఎక్కువ.