కొండ నడకకు ముందు పాదాల సంగతి చూడండి

ప్రశ్న: మాది పర్లాకిమిడి. డిసెంబరు సెలవుల్లో నలుగురు టీచర్లం కలిసి కొరాపుట్ జిల్లాలో దేవ్‌మాలి చుట్టుపక్కల కొండల్లో ఐదు రోజులు నడుద్దామనుకుంటున్నాం. రాత్రిళ్లు టెంట్లలోనే. తలా ఎనిమిది వేలు పెట్టుకోగలం. షాపువాళ్లు రాసిచ్చిన లిస్టు ఇరవై వేలు దాటింది. ఏవి కొనాలి, ఏవి మానుకోవాలి?

జవాబు: ఆ లిస్టు పక్కన పెట్టండమ్మా. మీ డబ్బులో సగం దాకా బూట్లకీ సాక్సులకీ తీసిపెట్టండి. నేను జయపురం నుంచి పిల్లల్ని ఈ కొండల్లోకి తీసుకెళ్తుంటాను. చలికి తట్టుకోలేక వెనక్కి తిరిగినవాళ్ల కంటే మడమ పుండుపడి తిరిగినవాళ్లే ఎక్కువ.

బూట్లు సాయంత్రం పూట కొనండి. రోజంతా నిలబడి పాఠం చెప్పాక పాదం కాస్త ఉబ్బుతుంది, నడకలోనూ అంతే. నడిచేటప్పుడు వేసుకోబోయే సాక్సులతోనే చూడండి. లేసులు కట్టకముందు పాదం ముందుకు జరిపితే మడమ వెనక చూపుడువేలు దూరాలి. తర్వాత లేసులు బిగించి షాపు మెట్లు దిగండి. బొటనవేలు ముందు తగిలిందా, ఎంత నచ్చినా వదిలేయండి. ఎక్కేటప్పుడు ఏమీ తెలియదు, దిగేటప్పుడు గోరు నల్లబడుతుంది. మీరు వెళ్లే చోటికి బరువైన తోలు బూట్లు అక్కర్లేదు, అడుగున లోతైన గాట్లున్న తేలిక బూట్లు చాలు. కాటన్ సాక్సులు వద్దు. చెమటంతా పీల్చుకుని అలాగే ఉంటాయి, నానిన చర్మం ఒరుసుకుని బొబ్బలేస్తుంది. ఉన్ని కలిసినవో, సింథటిక్‌వో తీసుకోండి.

కొన్న మర్నాటి నుంచే ఆ బూట్లతో స్కూలుకు వెళ్లండి. మీకు దగ్గర్లోనే మహేంద్రగిరి ఉంది, 1501 మీటర్లు, శివరాత్రికి జనం ఎక్కే కొండ. బ్యాగు నిండా సామాను వేసుకుని ఒక ఆదివారం ఎక్కి దిగండి. కాలికి ఎక్కడ చురుక్కుమంటే అక్కడే ఆగి టేపు వేయండి. ఇంకాస్త దూరం పోయాక చూద్దాంలే అనుకోవద్దు.

ఇక బట్టలు. దేవ్‌మాలి 1672 మీటర్లు, ఒడిశాలో దానికి మించిన ఎత్తు లేదు. పైన చెట్లు తక్కువ, గాలి ఎక్కువ. పగలు ఎక్కుతుంటే చెమట, ఆగితే వణుకు. అందుకే ఒక్క మందపాటి జాకెట్ కంటే మూడు పొరలు మేలు: ఒంటిని అంటి పాలిస్టర్ టీషర్టు, దాని మీద ఇంట్లో ఉన్న ఉన్ని స్వెట్టరు, పైన విండ్‌చీటర్. జీన్స్ మాత్రం వద్దే వద్దు. వాన పడకపోయినా తెల్లవారుజామున గడ్డి నిండా మంచే. మోకాళ్ల దాకా తడిసిన జీన్స్ తొందరగా ఆరదు. పలచటి ట్రాక్ ప్యాంటు మీద పొట్టి కుర్తా వేసుకున్నా ఇబ్బంది లేదు. మంకీ క్యాప్ మరిచిపోకండి.

పడుకోవడానికి ఒక జత పొడి బట్టలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి విడిగా పెట్టుకోండి. పొద్దున్నే తడి టీషర్టు మళ్లీ తొడుక్కోవాలంటే ప్రాణం ఉసూరుమంటుంది, అయినా ఆ పొడి జతతో నడవొద్దు. రాత్రి మిమ్మల్ని కాపాడేది అదే.

కొరాపుట్ మలేరియా ఉన్న జిల్లా. చీకటి పడకముందే ఫుల్ చేతుల చొక్కా, దోమల క్రీము, టెంటు జిప్పు. తిరిగొచ్చాక కొన్ని వారాల్లోపు జ్వరమొస్తే రక్తపరీక్ష చేయించుకుని, ఎక్కడ తిరిగొచ్చారో డాక్టరుకు చెప్పండి.

బ్యాగు, టెంటు తెలిసినవాళ్లని అడిగో, అద్దెకో తెచ్చుకోండి. బ్యాగు 50 లీటర్లు చాలు. నడుము బెల్టు తుంటి ఎముకల మీద కూర్చోవాలి, లేకపోతే బరువంతా భుజాలే మోస్తాయి. మొత్తం సామాను మీ బరువులో అయిదో వంతు దాటనివ్వకండి. 55 కిలోల మనిషికి 11 కిలోలు, అందులోనే నీళ్లూ తిండీ.

ప్రశ్న: స్లీపింగ్ బ్యాగు మీద 5, 0, మైనస్ 15 అని మూడు డిగ్రీలు రాసి ఉన్నాయి. ఏది నమ్మాలి? (రాయగడ నుంచి)

జవాబు: మొదటిది, కంఫర్ట్ అని రాసేది. హాయిగా నిద్రపట్టేది అక్కడి వరకే. రెండోది ముడుచుకుని ఎలాగో రాత్రి గడిపేయడానికి. మూడోది ప్రాణం నిలుపుకోవడానికి, దాన్ని చూసి కొనకండి. కింద పరిచే ఫోమ్ మ్యాట్ మాత్రం తప్పనిసరి. మన బరువుకు బ్యాగు అడుగు అణిగిపోతుంది కాబట్టి నేల చలి ఆపాల్సింది మ్యాటే.