ముడత అంటే ఏ ముడతో నువ్వే అడుగు

అమ్మడూ,

పల్నాడులో మిరప రైతుల కోసం నువ్వు వాట్సాప్ గ్రూపు పెడుతున్నావని, ఎవరైనా ఏ సందేహమైనా అడగొచ్చని ఊళ్లో చెప్పావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వ్యవసాయ శాఖలో నా ఉద్యోగమంతా రైతుల ప్రశ్నలతోనే గడిచింది. ఆ పనిలోకి మన ఇంటి పిల్ల వస్తోందంటే ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను, కానీ ఆ రాత్రి నిద్ర కూడా పట్టలేదు, అందుకే రాస్తున్నా.

చిన్న విషయాలు ముందే చెప్పేస్తా. 1024 మందిని చేర్చుకోవచ్చు కదా అని గ్రూపు నింపేయకు, నీ రైతు సేవా కేంద్రం కిందికొచ్చే ఊళ్లతో మొదలుపెట్టు. టైప్ చేయలేనివాళ్లని వాయిస్ మెసేజ్ పెట్టనీ. గుడ్ మార్నింగ్ బొమ్మలు, పార్టీల గొడవలు మొదటి రోజే వద్దను.

ఇక అసలు సంగతి. నీకు వచ్చే ప్రశ్నల్లో సగం ఇలాగే ఉంటాయి: "మేడం, ముడత వచ్చింది, ఏం కొట్టాలి?" ఇది చూసి విసుక్కోకు. ఆకు అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి తిరిగి కాడ సాగితే తెల్ల నల్లి, ఆకులు చిన్నవైపోయి మొక్క గిడసబారితే తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్ కావచ్చు, దానికైతే మందే లేదు, మొక్క పీకేయడమే. ఇవన్నీ నువ్వు కాలేజీలో చదువుకున్నావు. రైతుకి మాత్రం మూడూ ముడతే. కొత్తగా మిరప వేసినవాడికి ఆకు ఎటు తిరిగిందన్నది చెప్పాల్సిన విషయమని ఎలా తెలుస్తుంది? అది తెలిస్తే జవాబు సగం తెలిసినట్టే కదా.

అందుకే మంచి ప్రశ్నని వాళ్ల దగ్గర ఆశించకు, వాళ్లతో కలిసి తయారుచెయ్యి. "ఆకు పైకి ముడుచుకుందా కిందికా అన్నా? వెనక్కి తిప్పి వెలుతురులో ఒక ఫొటో పెట్టు" అని ఒక్కటే అడుగు. అది వచ్చాక నాటి ఎన్నాళ్లయిందో అడుగు, ఆ తర్వాత చివరిసారి ఏం కొట్టాడో అడుగు. మందు పేరు గుర్తుండదు, ఖాళీ డబ్బా ఫొటో పెట్టమను. ఈ చివరిది వదిలేయొద్దు. సింథటిక్ పైరిత్రాయిడ్లనే రకం పురుగుమందులు మళ్లీ మళ్లీ కొట్టిన చేలో నల్లి పెరుగుతుంది, అది తెలియకుండా నువ్వు చెప్పే సలహా గుడ్డి సలహా. అయితే ఇవన్నీ ఒకే మెసేజ్‌లో ఫారంలా పంపావనుకో, రైతు ఫోన్ జేబులో పెట్టుకుని పురుగుమందుల షాపుకి వెళ్లిపోతాడు. అక్కడ ఏ ప్రశ్నా ఉండదు, డబ్బా చేతికొస్తుంది.

నేను ఎక్కువ భయపడేది దీనికే. 2021లో జరిగింది చెప్తాను, కొంచెం ఓపిగ్గా చదువు.

అప్పుడు నేనున్న ఒక రైతుల గ్రూపులో ఒక కౌలు రైతు ఉండేవాడు. అంతకుముందు పత్తి వేసేవాడు, మిరప అదే మొదటిసారి. ఒకరోజు పొద్దున మసగ్గా ఉన్న ఫొటో ఒకటి పెట్టి, "పూలల్లో నల్లగా ఏదో పాకుతోంది, పూత రాలిపోతోంది, ఏంటిది" అన్నాడు. గ్రూపులో మిరపలో తలపండిన ఒక పెద్దమనిషి వెంటనే, "తామర పురుగు గురించి ఎన్నిసార్లు చెప్పుకున్నాం, పైకి వెళ్లి చదువుకో" అన్నాడు. ఇంకొకాయన "వేసే ముందు నేర్చుకోవాలి" అన్నాడు, ఆ కింద వరసగా నవ్వు బొమ్మలు. నేను పొలం నుంచి వచ్చి ఫోన్ చూసేసరికి అతను గ్రూపులోంచి వెళ్లిపోయాడు.

అతను చెప్పినదాంట్లో రెండు ముక్కలున్నాయి, ఎవరూ పట్టించుకోలేదు: నల్లగా ఉంది, పువ్వులో ఉంది. మనకి తెలిసిన తామర పురుగు ముఖ్యంగా లేత ఆకుల మీద ఉంటుంది, నల్లగా ఉండదు. ఆ ఏడాది ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ మిరపని ముంచేసిన కొత్త పురుగు, థ్రిప్స్ పార్విస్పైనస్, అదే. బయటి దేశాల నుంచి వచ్చింది, మనవాళ్లు నల్ల తామర అన్నారు. చాలామంది తోటలు దున్నేశారు. ఆ ఊళ్లకి అది వచ్చిందన్న మొదటి కబురు మా గ్రూపులో మిరప అసలు తెలియని మనిషి ఇచ్చాడు, తెలిసినవాళ్లు నవ్వారు.

తర్వాత నంబరు పట్టుకుని వాళ్ల ఊరు వెళ్లాను. చేలో పూత లేదు. షాపులో ఇచ్చిన మందులు కలిపి కలిపి కొట్టాడట. మళ్లీ ఎవరినైనా అడగొచ్చు కదా అన్నాను. "అడిగితే నవ్వారు కదండీ, షాపాయన నవ్వలేదు" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

కిసాన్ కాల్ సెంటర్ 2004 నుంచీ ఉంది, 1800-180-1551కి ఫోన్ చేస్తే అడిగేది ఒకరు, వినేది ఒకరు. నీ గ్రూపులో అలా కాదు, అడిగినవాడికి ఏం తెలియదో ఊరంతా చూస్తుంది, అందులో అతని పొలం యజమాని కూడా ఉండొచ్చు. కాబట్టి తెలిసిన రైతులతో ముందే విడిగా మాట్లాడు. వాళ్లే నీ బలం, వాళ్లని దూరం చేసుకోకు. కానీ "ఇదివరకే చెప్పాం" అనే మాట వద్దని గట్టిగా చెప్పు. ఇదివరకే చెప్పి ఉంటే ఆ జవాబు మళ్లీ ఇక్కడ పెట్టమను. ఎవరైనా నవ్వితే ఆ మెసేజ్ నువ్వే తీసెయ్యి, మొహమాటపడకు, వాళ్లు నీకంటే పెద్దవాళ్లయినా సరే. అందరిముందూ అడగలేని ఆడవాళ్లు నీకు విడిగా పెడతారు, పేరు లేకుండా ఆ ప్రశ్న నువ్వు గ్రూపులో పెట్టు.

ఎవరైనా పువ్వుని తెల్ల కాగితం మీద దులిపి ఫొటో తీసి అడిగారనుకో, ఊరికే సూపర్ అని వదిలేయకు, "కాగితం మీద దులిపావు కాబట్టి పురుగు కనిపించింది" అని చెప్పు. మిగతావాళ్లు రేపు అదే చేస్తారు. తెలియని ప్రశ్న వస్తే ఊహించి చెప్పకు, గుంటూరు దగ్గరి లాం ఫారం పరిశోధనా కేంద్రంలో శాస్త్రవేత్తలకి పంపు, పంపానని గ్రూపులోనూ చెప్పు.

రాత్రి పది తర్వాత ఫోన్ పక్కన పెట్టి పడుకో తల్లీ, నీ సంగతి నాకు తెలుసు, అన్నం ముందు కూర్చుని కూడా మెసేజ్‌లే చూస్తావు. నన్ను కూడా ఆ గ్రూపులో చేర్చు. నీ ముందు నేను జవాబులు చెప్పను, చదువుతూ ఉంటాను. కొత్తవాడిని ఎవరైనా కసిరినట్టు అనిపిస్తే నీకు విడిగా ఫోన్ చేస్తా.

మీ మామయ్య