గురి తప్పుతున్న పాయింట్ 22 రైఫిల్

ప్రశ్న: 50 మీటర్ల పోటీలకు సాధన చేస్తున్నాను. క్లబ్బు రైఫిల్‌లో కొన్ని తూటాలు పేలడం లేదు; పేలినవీ చెదిరి పడుతున్నాయి. బ్యారెల్ మార్చమని అడగాలా?

జవాబు: బ్యారెల్‌ను అప్పుడే అనుమానించకండి. ఈ తూటాలో నిప్పంటించే మందు అడుగు అంచులోనే ఉంటుంది కాబట్టి, తూటా పేలనప్పుడు రైఫిల్‌ను లక్ష్యం వైపే ఉంచి, కనీసం 30 సెకన్లు ఆగి, రేంజ్ అధికారి అనుమతితో తూటాను బయటికి తీసి, ఆ అంచుపై ఫైరింగ్ పిన్ (తూటాను కొట్టి పేల్చే సూది) వల్ల పడిన నొక్కును పరిశీలించండి. నొక్కు పైపైన ఉంటే బోల్టులో (తూటా వెనక మూసుకునే, ఫైరింగ్ పిన్ ఉండే భాగంలో) పేరుకున్న మడ్డినో, బలం తగ్గిన స్ప్రింగునో అనుమానించాలి. లోతుగా ఉంటే లోపం చాలావరకు తూటాదే. ఇక గురి విషయానికొస్తే, పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లే కనుక, స్టాక్ (రైఫిల్‌ను భుజానికి ఆనించి పట్టుకునే భాగం) మరలు, సైట్ల (గురి చూసే అమరికల) బిగింపు కాస్త వదులైనా ఫలితం చెడుతుంది. అవి సరిగానే ఉంటే ఛాంబర్ (తూటా కూర్చునే గది) శుభ్రం చేయించి, వేరే లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) తూటాలతో, రైఫిల్‌ను ఆనిక మీద పెట్టి పరీక్షించండి. ఒకే కంపెనీ తూటాలైనా లాట్ మారితే గురి మారడం మామూలే.